డయాబ్లో 2: సోర్సెరెస్‌తో డ్యూరియెల్‌ను ఓడించేదెలా?

నమస్కారం. నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. 2000లో వచ్చిన కంప్యూటర్ గేమ్ డయాబ్లో 2ను, మరుసటి ఏడాది వచ్చిన దాని విస్తరణ లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్‌తో కలిపి, మా అన్నయ్య పాత కంప్యూటర్‌లో నార్మల్ స్థాయిలో, సోర్సెరెస్ అనే మంత్రగత్తె పాత్రతో మొదటిసారి ఆడుతున్నాను. రెండో అంకం చివర తల్ రాషా సమాధిలో హొరాడ్రిక్ దండాన్ని నిలిపి లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఆ అంకపు ఆఖరి రాక్షసుడు డ్యూరియెల్ చేతిలో చనిపోతున్నాను.

ఆ గది చాలా ఇరుకు. తెర మీద దృశ్యం పూర్తిగా కుదురుకోకముందే అతడు దూసుకొచ్చి మీద పడతాడు. దగ్గరున్నవారిని చలితో మందగింపజేసే అతని హోలీ ఫ్రీజ్ శక్తి ప్రభావంతో నా సోర్సెరెస్ నీలం రంగుకు మారి, అడుగు తీసి అడుగు వేయలేని స్థితికి వస్తుంది. నిన్న రాత్రి గ్రైజ్ దగ్గర కిరాయికి తీసుకున్న ఈటె సైనికుడు పది సెకన్లు కూడా నిలవలేదు, నా బెల్టులోని ప్రాణం నింపే ఎర్ర సీసాలన్నీ అయిపోయేసరికి డ్యూరియెల్ ప్రాణం సగమైనా తగ్గలేదు.

ప్రస్తుతం నాది 20వ లెవల్. నైపుణ్య పాయింట్లు ఎక్కువగా ఫైర్ బాల్ మంత్రంలో ఉన్నాయి, స్టాటిక్ ఫీల్డ్ మంత్రంలో ఒక్కటే ఉంది. అది ప్రయోగించిన ప్రతిసారీ శత్రువుకు మిగిలిన ప్రాణంలో 25 శాతం తగ్గిస్తుంది కనుక అదే సరైన మార్గమని నా నమ్మకం. అయితే దాని పరిధి చిన్నది కావడంతో అతనికి బాగా దగ్గరగా వెళ్లక తప్పడం లేదు. మిగిలిన పాయింట్లను దాని పరిధి పెంచడానికి వాడాలా, లేక క్షణంలో మరోచోటికి చేర్చే టెలిపోర్ట్ మంత్రం నేర్చుకోవాలా? చలి నిరోధాన్ని 30 సెకన్లపాటు 50 శాతం పెంచే థాయింగ్ పోషన్ ఆ మందగమనాన్ని కూడా తగ్గిస్తుందా?

సోర్సెరెస్‌తోనే ఈ గది దాటినవారు తాము లోపలికి అడుగుపెట్టగానే మొదట ఏం చేశారో వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.