'అతుకుల బొంత' తిట్టెట్ల అయింది?

ఎన్నికల్లో ఏ పార్టీకీ మెజారిటీ రాకపోతే చాలు, పత్రికల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: 'అతుకుల బొంత ప్రభుత్వం'. ఈ మధ్య హనుమకొండలో మా ఇంట్లో పాతబట్టల పెట్టె ముందేసుకొని బొంత కుడుతున్నాను కాబట్టి ఆ మాట కొంచెం గుచ్చుకుంది. బొంత కుట్టిన చేయి ఏదీ దీన్ని తిట్టుగా పుట్టించి ఉండదని నా అనుమానం.

మా దిక్కు గొంగడి వేరు, చెద్దరు వేరు, బొంత వేరు. గొంగడి గొర్రె ఉన్నితో నేసేది, చెద్దరు మగ్గం మీద ఒకే గుడ్డగా దిగేది. బొంత నేసేది కాదు, కుట్టేది. పాత నూలు చీరలు మడతలు మడతలుగా పరిచి, పైన ముక్కలు పెట్టి, పొరలన్నీ కలిసేలా టాకాలు, అంటే కుట్లు, వేసుకుంటూ పోవాలి. కంటికి ఆనేవి పైన అతుకులే. చలి ఆపేవి లోపలి పొరలు. వాటిని జరగకుండా పట్టేది టాకా. అతుకుల బొంత అన్నవాళ్ళు పైముక్కలు మాత్రమే చూసి వెళ్ళిపోయినట్టున్నారు.

మా అమ్మమ్మ ముందు జానెడు జానెడు కచ్చా కుట్టు వేసి పొరలను నిలబెట్టేది. తర్వాత అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వచ్చేది. నాలుగు మడతలు కలిసిన చోట సూది మొరాయిస్తే తలవెంట్రుకల్లో ఒకసారి గీసేది. ఆ నూనె అంటితే సూది సులువుగా దిగుతుంది. నేనూ అదే చేస్తున్నాను, షాంపూ తలకు పెద్దగా పనిచేయడం లేదు!

నా బొంతకు అడుగు పొర ఆజంజాహి మిల్లు గుడ్డ. 1934లో వరంగల్‌లో మొదలైన ఆ మిల్లులో మా తాతయ్య పనిచేశాడు. మిల్లు మూతపడి ఏండ్లయింది, ఆ గుడ్డ మాత్రం ఇప్పటికీ సూదిని వంచుతుంది.

పైముక్కల్లో సగం నా బొమ్మల బట్టలే. చిన్నప్పుడు నాకు రెండు బొమ్మలుండేవి. ఒకటి ఐనవోలు మల్లన్న జాతరలో కొన్న ప్లాస్టిక్ బొమ్మ, పడుకోబెడితే కళ్ళు మూసేది. రెండోది అమ్మమ్మ చేసిన గుడ్డబొమ్మ. పొట్ట నిండా చీర పేలికలు, కాటుకతో కళ్ళు, నల్ల ఊలుతో జడ. జాతర బొమ్మను గూట్లో పెట్టి చూసుకునేదాన్ని. గురుగుల్లో వండిన ఇసుక బువ్వ తిన్నది, పెండ్లి చేసుకున్నది గుడ్డబొమ్మే. దాని పెండ్లిచీర కోసం మా పెద్దమ్మ పట్టుచీర కొంగు చివర ఒక ముక్క కత్తిరించాను. వీపు విమానం మోత మోగింది. బొమ్మను తర్వాత ఎలుకలు కొట్టినై, చీర మిగిలింది. జరీ నల్లబడింది. ఒక అంచున గులాబీ దారంతో నేను వేసిన వంకర కుట్టు అట్లనే ఉంది. విప్పబుద్ధి కాలేదు, కుట్టుతో సహా బొంతలో పెట్టేశాను.

పెద్దవాళ్ళు చెప్పండి, ఈ మాటకు చెడ్డపేరు ఎట్ల వచ్చింది?

నిర్మల్ నుంచి ఒక అక్క: మా దగ్గర గొంగళిపురుగును బొంతపురుగు అంటం. కప్పుకునేదాని పేరే పురుగుకు పెట్టినం చూడు! ఇక బొమ్మ అంటే మాకు కొయ్యబొమ్మే. పొనికి కర్ర చెక్కి, రంగుతోనే చీర కడతరు. బట్టలు కుట్టే పని లేదు, పెద్దమ్మ కొంగుకు గండం లేదు.

జనగామ నుంచి ఒక తెలుగు పంతులుగారు: అమ్మా, బొంతకు సంస్కృతంలో కంథ అంటారు. సన్యాసులూ బిచ్చగాళ్ళూ కప్పుకునేది అది. పేదరికం ఈ మాటకు అప్పటినుంచే అంటుకుంది. మన బమ్మెర పోతన కుచేలుణ్ణి జీర్ణాంబరుడు, ఖండోత్తరీయుడు అన్నాడు, అంటే పాతబడి చిరిగిన బట్ట, ముక్కైన పైబట్ట ఉన్నవాడని. కుచేలుడన్న పేరులోనే చెడ్డ బట్ట ఉంది కదా. మీరు చెప్పే పొరల సంగతి వస్తువులో ఉంది, మాటలోకి రాలేదు.

పరకాల నుంచి ఒక తమ్ముడు: కలగూరగంప కూడా తిట్టే కదక్కా. అందులో ఉన్నవన్నీ మంచి కూరలే!

నా జవాబు: పంతులుగారూ, మాటలోకి రాలేదన్నది బాగుంది. కానీ 'అతుకు' అన్నప్పుడు చిన్నచూపు చూసే మనమే, రవిక ఒంటికి కుదిరితే 'అతికినట్టు సరిపోయింది' అని మెచ్చుకుంటాం. పత్రికలవాళ్ళ మాటలోనూ కొంత నిజముంది లెండి. కింద పొర లేకుండా, నలిగిన పాతగుడ్డకు గట్టి కొత్తగుడ్డ అతికితే పాతది కుట్టు పక్కనే చినుగుతుంది. కుట్టు ఊడదు, గుడ్డే పోతుంది. కొన్ని ప్రభుత్వాలు అట్లనే పోయినై. వాటిని అతుకులన్నా ఒప్పుకుంటాను, బొంత అనొద్దంటాను.

నిర్మల్ అక్క: అది సరే, ఆ పట్టుముక్క ఉతికితే నిలుస్తదా?

నా జవాబు: అక్కా, వెనక నూలుగుడ్డ పెట్టి, మిగతా ముక్కల కన్నా దగ్గర దగ్గరగా టాకాలు వేశాను. బండ మీద బాదకుండా కుంకుడు రసంలో నానబెట్టి, పిండకుండా నీడకు ఆరేద్దామని ఉంది. నువ్వు కుట్టేటట్టయితే కొత్తగుడ్డను ముందే నీళ్ళలో నానబెట్టి ఆరేసుకో. లేకుంటే మొదటి ఉతుకుకే ముడుచుకొని పక్క ముక్కల్ని లాగుతుంది. పంతులుగారూ, ఖండోత్తరీయం ఉన్న ఆ పద్యం మొత్తం ఇక్కడ పెడతారా?