మర్రిగూడ వైపు పళ్లు కదిలేది ఫ్లోరైడ్ వల్లనా, చిగుళ్ల జబ్బు వల్లనా?

మర్రిగూడ బిడ్డ:
అమ్మకు యాభై దాటకముందే కింది పళ్లు కదులుతున్నాయి. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే తాగింది, పళ్లనిండా గోధుమరంగు మచ్చలు. నల్లగొండలో చూపిస్తే డాక్టర్ చిగుళ్ల జబ్బు అన్నాడు, ఫ్లోరైడ్ మాటే ఎత్తలేదు. మా మండలంలో పుట్టినోళ్లకు ఇంకో కారణం వెతకాలా?

దేవరకొండ స్వప్న:
వెతకాలి అన్నా. నేను పళ్ల ఆసుపత్రిలోనే పనిచేస్తాను. ఫ్లోరైడ్ పంటిని దెబ్బతీసేది చిన్నతనంలో, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడు. ఎనామెల్ మీద, అంటే పంటి పైపొర మీద మచ్చలు, గుంటలు పడతాయి. కదలడం వేరే సంగతి. పంటి మొదట్లో పాచి పేరుకుని గారగా గట్టిపడుతుంది. పాచిలోని బ్యాక్టీరియా వల్ల చిగురు వాచి రక్తం కారుతుంది. అప్పుడే శుభ్రం చేయిస్తే మామూలవుతుంది. వదిలేస్తే పంటిని పట్టుకున్న ఎముక కరుగుతుంది, అది మళ్లీ దానంతట అది రాదు. అమ్మకు షుగర్ ఉందా?

మర్రిగూడ బిడ్డ:
ఉంది. అయితే? మా ఊళ్లో ఫ్లోరైడ్‌తో వంకర తిరిగిన కాళ్లు కూడా షుగర్ వల్లనేనా?

దేవరకొండ స్వప్న:
కాళ్ల మాట నేనెప్పుడు అన్నాను? షుగర్ అదుపులో లేకుంటే చిగుళ్లు తొందరగా చెడతాయి. చెడిన చిగుళ్లు షుగర్‌ను అదుపులోకి రానివ్వవు.

చండూరు శీను:
క్లీనింగ్ మాత్రం వద్దు. చేయించినంక మా బాపు పళ్లన్నీ కదిలినయ్.

దేవరకొండ స్వప్న:
గార ఆ పళ్లను కలిపి పట్టి ఉంచింది. తీసినంక వదులు బయటపడింది. ఎముక అంతకుముందే పోయింది.

పాలమూరు సార్:
గుట్కా సంగతి ఎవరూ ఎత్తరేం? బీడీ, సిగరెట్ తాగేవాళ్లకైతే రక్తం తక్కువ కారుతుంది, జబ్బు ముదిరేదాకా తెలియదు.

మర్రిగూడ బిడ్డ:
మా అమ్మ గుట్కా ముట్టలేదు సార్! రోజూ వేపపుల్లే. ఆ డాక్టర్ అందరి ముందు "పళ్లు తోమవా?" అని అడిగాడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడ్‌ను దశాబ్దాలు తాగించినోళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చేదాకా జరిగినదంతా మా తప్పేనా?

దేవరకొండ స్వప్న:
డాక్టర్ అలా అడగడం తప్పే. నీళ్ల పాపం ప్రభుత్వాలదే. కానీ "ఫ్లోరైడే కదా, ఏం చేస్తాం" అనుకుని రక్తం కారుతున్నా ఏళ్ల తరబడి రారు. వచ్చేసరికి పీకడమే మిగులుతుంది. నా కోపం దాని మీద.

మర్రిగూడ బిడ్డ:
చిగుళ్ల జబ్బని ఒక్కమాట రాస్తే ఫ్లోరైడ్ బాధితుల లెక్కలో ఒకరు తగ్గుతారు. నా పంచాయితీ అదీ.

దేవరకొండ స్వప్న:
మచ్చలకు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ జబ్బు) అని, కదలడానికి చిగుళ్ల జబ్బని రెండూ రాయమని అడగండి. ఆ లెక్క తేలేదాకా అమ్మ చిగుళ్లు ఆగవు. ఎక్స్‌రే తీయించారా?

మర్రిగూడ బిడ్డ:
లేదు. రెండూ రాస్తానంటేనే తీయిస్తా.