కోడి అరికాలు వాచి మధ్యలో నల్ల పెచ్చు కట్టింది, ఇంట్లోనే నయం చేయొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా పెట్ట ఒకటి ఎడమ కాలు కింద మోపట్లేదు, కుంటుతోంది. పట్టుకుని తిప్పి చూస్తే అరికాలి మధ్యలో నల్లగా గట్టి పెచ్చు, చుట్టూ వాపు, ముట్టుకుంటే వేడిగా ఉంది. మేత బానే తింటోంది, గుడ్లూ పెడుతోంది. బ్లేడుతో కోసి చీము తీసేయమని ఒకరు చెప్పారు గానీ నాకు చేతులు రావట్లేదు. కోయకుండా తగ్గే దారి ఉందా?

రిప్లై 1:
కోయకండి ప్లీజ్. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది బంబుల్‌ఫుట్‌లా ఉంది. అరికాల్లో చిన్న గాటు పడ్డా, ముల్లు దిగినా అక్కణ్ణించి బాక్టీరియా, ఎక్కువగా స్టెఫైలోకాకస్, లోపలికి పోయి గడ్డ కడుతుంది. మనకైతే చీము కారిపోతుంది, కోళ్ళకి అలా కాదు, జున్నులా గట్టిగా పేరుకుంటుంది, అందుకే పిండినా రాదు, పైగా పిండితే ఇంకా లోపలికి పాకుతుంది.
గోరువెచ్చని నీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్, వంట ఉప్పు కాదు) కలిపి 10-15 నిమిషాలు కాలు నానబెట్టండి, రెక్కలు కదలకుండా టవల్ చుట్టి పట్టుకుంటే పెద్దగా గోల చేయదు. పెచ్చు మెత్తబడి దానంతటది ఊడొస్తే సరే, లేకపోతే లాగొద్దు, రేపు మళ్ళీ నానబెట్టొచ్చు. తడి అంతా అద్దేసి, నీళ్ళు కలిపి పలచన చేసిన బెటాడిన్‌తో తుడిచి, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాసి, గాజుగుడ్డ పెట్టి, పైన దానికదే అంటుకునే బ్యాండేజీ వేళ్ళ మధ్య నుంచి తిప్పి కట్టండి. బిగించి కట్టొద్దు, వేళ్ళు వాచినా చల్లబడినా వెంటనే విప్పేయాలి. కట్టు రోజూ మార్చండి. ఆయింట్‌మెంట్‌లో లిడోకెయిన్, బెంజోకెయిన్ లాంటి నొప్పి మందు కలిసి ఉంటే డాక్టర్ని అడక్కుండా వాడకండి.
గ్లౌజులు మర్చిపోవద్దు, ఆ క్రిములు మన చేతి గాయాల్లోకీ ఎక్కుతాయి.

రిప్లై 2:
పైన చెప్పినవన్నీ కరెక్టే, కానీ అసలు గాయం ఎందుకైందో చూడకపోతే మళ్ళీ వస్తుంది. రాత్రి వాలే కర్ర ఎంత ఎత్తులో ఉంది? బరువైన కోడి ఎత్తు నుంచి గట్టి నేల మీదికి రోజూ దూకుతుంటే అరికాలు చిట్లిపోతుంది. కర్ర అంచులు పదునుగా ఉన్నా, పేళ్ళు లేచినా, కింద వైరు మెష్ ఉన్నా, గూట్లో పొట్టు ఎప్పుడూ తడిగా ఉన్నా అంతే. రెండో కాలు కూడా చూడండి, బరువంతా దాని మీదే పడుతోంది కాబట్టి అక్కడా మొదలవ్వచ్చు. అరికాలు కాకుండా కాలి మీది పొలుసులు లేచి గరుగ్గా ఉంటే మాత్రం అది వేరు, పురుగు వల్ల వచ్చేది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అండి. కర్ర నా నడుమెత్తు ఉంది, కింద సిమెంట్ నేల!! ఇవాళే దించేస్తా. నానబెట్టాక పెచ్చు అంచు కొంచెం లేచింది. ఇంట్లో మనుషులకి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలున్నాయి, సగం వేయొచ్చా?

రిప్లై 3:
వద్దండీ. ఏ మందు, ఎంత డోసు అన్నది కోడి బరువూ, ఇన్ఫెక్షనూ చూసి పశువుల డాక్టర్ చెప్పాలి. పైగా ఆ మందు గుడ్లలోకి వస్తుంది, డాక్టర్ చెప్పినన్ని రోజులు గుడ్లు తినకూడదు. కర్ర మోకాలి కంటే కిందికి దించి అంచులు గుండ్రంగా చెక్కండి, కింద పొడి పొట్టు మందంగా పరవండి. కట్టు ఉన్నన్నాళ్ళు దాన్ని విడిగా ఉంచండి, మిగతావి ఆ కట్టునే పొడుస్తాయి. వాపు వేళ్ళలోకో పై కీలుకో పాకినా, మేత మానేసినా, కొన్ని రోజులు ఇలా చేసినా తగ్గకపోయినా ఇక ఇంట్లో చూడొద్దు, ఎముకకి చేరితే కాలు దక్కడం కష్టం, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. కోయాల్సి వచ్చినా ఆయనే మత్తిచ్చి కోస్తారు.