మీటరులో 12.7 వోల్టులు, మెట్ల మీద 12 నిమిషాల వెలుగు

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
నేను చూసుకుంటున్న మూడంతస్తుల లాడ్జిలో మెట్ల మీద, నడవాల్లో కలిపి 14 ఎమర్జెన్సీ లైట్లు ఉన్నాయి. ప్రతి నెలా టెస్ట్ బటన్ నొక్కి, వెలిగిందని పుస్తకంలో రాసుకుంటున్నాను. మొన్న గాలివానకు కరెంటు పోయినప్పుడు రెండో అంతస్తు మెట్ల దగ్గరి లైటు 12 నిమిషాలకే ఆరిపోయింది. మళ్ళీ చార్జి చేసి, దాని 12 వోల్టుల బ్యాటరీకి మీటరు పెడితే 12.7 వోల్టులు చూపించింది. 2018లో తిత్లీ తుపాను తరువాతి చీకటి రాత్రులు చూసినవాణ్ణి కనుక దీన్ని తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. బ్యాటరీ మంచిదో కాదో తేల్చుకునేదెలా?

బరంపురం నుంచి జవాబు:
బటన్ నొక్కితే బల్బు, స్విచింగు పనిచేస్తున్నాయని మాత్రమే తెలుస్తుందండీ. ప్లేట్లకు సల్ఫేటు పట్టి సత్తువ తగ్గిన సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా లోడు లేనప్పుడు, అంటే లైటు వెలిగించనప్పుడు, నిండుగా ఉన్నట్టే 12.7 చూపగలదు. కాబట్టి ఏడాదికి ఒకసారైనా, 24 గంటలు చార్జి చేసిన తరువాత, ఆ లైటుకు సరఫరా ఇచ్చే ఎం.సి.బి.ని (స్విచ్ బోర్డులోని బ్రేకరును) దించి, 90 నిమిషాలు బ్యాటరీ మీదే వెలగనివ్వండి. మన జాతీయ భవన నియమావళి కోరే కనీస వ్యవధి కూడా అదే. లైటు వెలుగుతుండగానే పావుగంటకొకసారి బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర వోల్టులు చూసి రాయండి. 10.5కు దిగితే అక్కడితో ఆపేయాలి, ఎందుకంటే అంతకు మించి ఖాళీ చేస్తే మంచి బ్యాటరీ కూడా దెబ్బతింటుంది. 90 నిమిషాలలోపే ఆ అంకెకు వస్తే దాన్ని మార్చవలసిందే.

రాయగడ నుంచి జవాబు:
అన్నగారు చెప్పిన పద్ధతి సరైనదే, కానీ 14 లైట్లనూ ఒకే రోజు ఖాళీ చేయకండి. ఆ రాత్రే కరెంటు పోతే అతిథులు చీకట్లో మెట్లు దిగాలి. ఒకటి విడిచి ఒకటి పరీక్షించి, అవి పూర్తిగా చార్జయ్యాకే మిగిలినవాటి జోలికి వెళ్ళండి. చార్జింగు నిండిన తరువాత చార్జరు ఇచ్చే వోల్టేజీ కూడా చూడండి. అది 13.5 నుంచి 13.8 మధ్య నిలవాలి. ఎక్కువైతే బ్యాటరీ లోపల ఎండిపోతుంది. రేకుల కింది వేడి కూడా చేటే: 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకు దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

పర్లాకిమిడి నుంచి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు ఆ లైటును పరీక్షిస్తే 14 నిమిషాలకే 10.5కు దిగింది. దాని చార్జరు 14.6 దగ్గర నిలిచి ఉంది కనుక, చార్జరును బాగు చేయించాకే కొత్త బ్యాటరీ పెడతాను. రేపు ఉదయం మిగతావాటిలో ఏడింటితో మొదలుపెడుతున్నాను.