94 శాతం ఓట్లు పడ్డాయి కాబట్టి హవాయి గొడవ తీరిపోయినట్టేనా?

గోదారిగట్టు:
హవాయి చూసొచ్చిన మా మిత్రుడితో మొన్న పెద్ద వాదనే అయింది. 1893లో హవాయి రాణి లిలియుఓకలానిని దించేసి, 1898లో ఆ దీవులను అమెరికా కలిపేసుకుంది అని నేనన్నాను. "1959లో రాష్ట్రంగా చేరతారా అని అడిగితే 94 శాతం మంది సరేనన్నారు, ఇంకా పేచీ ఏముంది?" అని అతను. ఆ ఓటుతో పాత తప్పు మాసిపోదని నా నమ్మకం. మీరేమంటారు?

పడమటిగాలి:
మాసిపోదు, నిజమే. కానీ 1959లో ఓటేసిన వాళ్ళెవరో కూడా చూడండి. చెరకు తోటల్లో కూలికి వచ్చిన జపాన్, చైనా, ఫిలిప్పీన్స్ వాళ్ళ పిల్లలే అందులో చాలామంది. టెరిటరీగా, అంటే రాష్ట్ర హోదా లేని అమెరికా ప్రాంతంగా ఉన్నన్నాళ్ళూ గవర్నర్‌ని వాషింగ్టన్ పంపేది, అధ్యక్షుడి ఎన్నికలో వాళ్ళకు ఓటు లేదు, పెర్ల్ హార్బర్ దాడి తర్వాత 1944 దాకా సైనిక పాలనలో బతికారు. ఆ జపనీయుల కొడుకులే అమెరికా తరఫున యూరప్ వెళ్ళి ప్రాణాలిచ్చారు. వాళ్ళకు రాష్ట్ర హోదా అంటే అందరితో సమానం కావడం. ఆ ఓటు చెల్లదంటే వాళ్ళకు అన్యాయం చేసినట్టే. ఇంకో మాట, తాహితి ఫ్రాన్స్ చేతికి, ఫిజీ బ్రిటన్ చేతికి పోయిన కాలం అది. అమెరికా కాకపోతే ఇంకొకరు.

గోదారిగట్టు:
అన్నా, ఆ "ఇంకొకరు" అన్న మాట ఒప్పుకోలేను. 1843లో ఒక బ్రిటిష్ కెప్టెన్ హవాయిని ఆక్రమిస్తే, 5 నెలలకే వాళ్ళ అడ్మిరలే వచ్చి రాజుకు తిరిగి ఇచ్చేశాడు. అదే ఏడాది నవంబరులో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి అది స్వతంత్ర దేశమని రాసిచ్చాయి. ఇక 1893కి వస్తే, అసలు మూలం పంచదార. 1890 సుంకాల చట్టంతో అమెరికా మార్కెట్లో హవాయి పంచదారకున్న లాభం పోయింది, అమెరికాలో కలిస్తే మళ్ళీ వస్తుంది. 1887లో తుపాకులు చూపించి రాజు చేత సంతకం పెట్టించుకున్న రాజ్యాంగాన్ని మారుస్తానని రాణి అనగానే చెరకు తోటల యజమానుల వర్గం కదిలింది, అమెరికా రాయబారి స్టీవెన్స్ ఓడలోంచి 160 మందికి పైగా సైనికులను దింపించాడు. ఇది యుద్ధ చర్యేనని అమెరికా అధ్యక్షుడు క్లీవ్‌లాండే వాళ్ళ పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు చెప్పాడు!

సీమపిల్ల:
అసలు ఓటు 1897లోనే పడింది అంటాను నేను. విలీనం వద్దంటూ ఆడా మగా ఊరూరా తిరిగి 21 వేలకు పైగా సంతకాలు సేకరించారు. అప్పటికి స్థానిక హవాయీయులు పిల్లాపాపలతో కలిపి 40 వేల లోపే. నలుగురు ప్రతినిధులు ఆ కాగితాలు పట్టుకుని వాషింగ్టన్ దాకా వెళ్ళారు. విలీన ఒప్పందానికి సెనేట్‌లో కావాల్సిన మూడింట రెండొంతుల మద్దతు రాలేదు. మరుసటి ఏడాది స్పెయిన్‌తో యుద్ధం మొదలవగానే, మామూలు మెజారిటీ చాలే ఉభయసభల ఉమ్మడి తీర్మానంతో 1898 జులై 7న కలిపేసుకున్నారు. ఒప్పందంతో కానిది ఇలా దొడ్డిదారిన చేశారు. ఆ కాగితాలు ఇప్పటికీ వాషింగ్టన్ ఆర్కైవ్స్‌లోనే ఉన్నాయి, తాతమ్మల సంతకాలు వెతుక్కునేవాళ్ళు ఉన్నారు. నాకు ఇది తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

పడమటిగాలి:
సంతకాల సంగతి నాకు తెలియదమ్మా, చెప్పినందుకు థాంక్స్. 1898 తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ 1959లో సరేనన్న లక్షా 32 వేల మంది చేసిన తప్పేంటి?

సీమపిల్ల:
వాళ్ళ తప్పేం లేదన్నా, తప్పంతా అడిగిన ప్రశ్నలో ఉంది. వెంటనే రాష్ట్రంగా చేర్చుకోవాలా, అవునా కాదా అని అడిగారు, అంతే. కాదంటే టెరిటరీగానే ఉండిపోవాలి. స్వతంత్రం అన్న మాటే బ్యాలెట్‌పై లేదు. సొంత పాలన లేని ప్రాంతాల ఐక్యరాజ్యసమితి జాబితాలో అప్పటికి హవాయి ఉంది, ఈ ఓటు చూపించే అందులోంచి తీయించారు. దాదాపు అందరూ స్థానికులే ఉండే నీహౌ దీవి మాత్రం కాదనే చెప్పింది.

గోదారిగట్టు:
భూమి సంగతి కూడా ఉంది. 1898లో పైసా పరిహారం లేకుండా అమెరికాకు దఖలు పడ్డ రాచభూములు, ప్రభుత్వ భూములు కలిపి 18 లక్షల ఎకరాలు. రాణిని దించేసినందుకు 1993లో క్షమాపణ చెబుతూ కాంగ్రెస్ తీర్మానం చేసింది, కానీ దీనితో ఏ క్లెయిమూ తీరినట్టు కాదని అందులోనే రాశారు. ఆ క్షమాపణ వల్ల, తర్వాత హవాయి రాష్ట్రం చేతికొచ్చిన ఆ భూమిపై రాష్ట్రానికున్న హక్కు మారదని 2009లో సుప్రీంకోర్టు చెప్పేసింది.

పడమటిగాలి:
భూమి విషయంలో నేనూ మీతోనే. ఓటు విషయంలో మాత్రం ఆ కూలీల పిల్లల వైపే ఉంటాను.