ముందు ఒక్క మంచి సైకిల్ దారా, నగరమంతా కలిసే దారులా?

గల్లీదారి:
ఉన్న కాస్త డబ్బుతో ముందు ఒక పెద్ద రోడ్డు పక్కన విశాలమైన సైకిల్ దారి వేసి చూపించాలని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. మామూలుగా ఉన్నా సరే, నగరమంతా ఒకదానికొకటి కలిసేలా ఒకేసారి వేయాలి. నెదర్లాండ్స్‌లో 1970లలో హేగ్, టిల్‌బర్గ్ నగరాలు చెరొక ఖరీదైన దారి వేశాయి. పక్క వీధుల్లో తొక్కేవాళ్లు అటు మళ్లారే గానీ, కొత్తగా సైకిల్ ఎక్కినవాళ్లు పెద్దగా లేరు. 1980లలో డెల్ఫ్ట్ నగరం మాత్రం దారులు తెగిన చోట్లన్నీ కలుపుకుంటూ వెళ్లింది. అక్కడ సైకిల్ ప్రయాణాలు పెరిగాయి.

రోడ్డు ఇంజినీరు:
డెల్ఫ్ట్‌లో అప్పటికే జనం తొక్కుతున్నారు కదండీ. అలవాటు లేని నగరంలో డబ్బంతా పలచగా పంచితే మిగిలేది తెల్లగీతే. దాని మీద కార్లు ఆపుతారు. కొన్నాళ్లకు "ఎవరూ తొక్కట్లేదు" అంటూ చెరిపేస్తారు. పిల్లల్ని భయం లేకుండా పంపగల దారి ఒక్కటైనా ఉంటే జనానికి నమ్మకం కుదురుతుంది.

గల్లీదారి:
గీతలు చాలవన్నది నా మాట కూడా. కానీ అలవాటు సంగతికొస్తే, స్పెయిన్‌లోని సెవిల్‌లోనూ మొదట్లో సైకిల్ తొక్కేవాళ్లు చాలా తక్కువగా ఉండేవాళ్లు. 2006లో మొదలుపెట్టి రెండేళ్లలోపే సుమారు 80 కిలోమీటర్లు వేశారు. అవి ఇరుకే, రానూపోనూ ఒకే పట్టీ. అయినా కార్లకు వేరుగా ఉన్నాయి, ఒకదాన్నొకటి కలుపుకున్నాయి. చాలాచోట్ల ఆ జాగా పార్కింగ్ నుంచే తీశారు. కొన్నేళ్లకే సైకిల్ ప్రయాణాలు అనేక రెట్లయ్యాయి.

రోజూసైకిల్:
కూడళ్ల మాట ఎవరూ ఎత్తరేం? నేను పనికి వెళ్లే రోడ్డులో దారి బాగానే ఉంటుంది, సరిగ్గా సిగ్నల్ ముందు మాయమవుతుంది. పక్కకు తిరిగే లారీ నడిపేవాడికి నేను అద్దంలో కూడా కనబడను. మా అమ్మాయి సైకిల్ మానేసింది ఆ ఒక్క చోటుకు భయపడే. ఎన్ని కిలోమీటర్లు వేశారన్నది ఆ పిల్లకు అనవసరం.

గల్లీదారి:
నిజమండీ, నేనే ముందు చెప్పాల్సిన మాట. బండ్లు 30 కిలోమీటర్ల వేగం దాటకుండా, అడ్డదారిన దూసుకురాకుండా చూస్తే చిన్న వీధుల్లో వేరే దారి అక్కర్లేదు. పెద్ద రోడ్ల మీద మాత్రం గట్టు కట్టి విడదీయాల్సిందే. మిగిలిన డబ్బు కూడళ్లకే పోవాలి: మలుపు మూలను ఇరుకు చేసి బండ్ల వేగం తగ్గించాలి, సైకిళ్లు ఆగే గీత బండ్ల కంటే ముందుండాలి, పచ్చ లైటు వాటికే ముందు పడాలి. ఇంజినీరు గారూ, మీరనే ఆ ఒక్క పెద్ద దారి ఖర్చుతో ఇలాంటి కూడళ్లు ఎన్ని బాగుపడతాయో లెక్క వేసి ఇక్కడ పెట్టగలరా?