పదవీ విరమణ తర్వాత బొమ్మలు, నేత: ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: బ్యాంకులో, ఆ తర్వాత బడిలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఎప్పుడో వదిలేసిన బొమ్మలు మళ్లీ వేస్తూ, వాటిని పోచంపల్లి ఇక్కత్‌గా నేయాలని ఎంతో ఆశపడుతున్నాను. మోకాళ్ల నొప్పులతో మగ్గం నేయగలనా?

జవాబు 1: నమస్కారమమ్మా. ఇక్కత్‌లో బొమ్మ మగ్గం మీద పుట్టదు. గళ్ల కాగితంపై గీసుకున్న నమూనా ప్రకారం నూలుకు కట్లు కట్టి, రంగులో ముంచిన తర్వాతే నేత మొదలవుతుంది కనుక మీ చిత్రకళ అక్కడే అక్కరకొస్తుంది. ముందు పేకకు (అడ్డంగా నేసే నూలుకు) మాత్రమే కట్టండి. పడుగుకూ (నిలువు నూలుకూ) పేకకూ కట్టే తేలియా రుమాలు అనే ఇక్కత్ రకం జోలికి ఇప్పుడే వెళ్లవద్దు.

జవాబు 2: గుంట మగ్గం దగ్గర నేల మీదికి దిగడం, లేవడం కష్టం కాబట్టి బల్ల ఉన్న ఫ్రేమ్ మగ్గం ఎంచుకోండి. ఆసు పోస్తే, అంటే కట్లు కట్టే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో పదేపదే తిప్పితే, భుజాలు పడిపోతాయి. తల్లి పడ్డ ఆ బాధ చూసే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం రూపొందించారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మీరు ఆసు పోసిన నూలే తెచ్చుకోండి.